ప్రమాణం చేసిన మర్నాడు

కాణిపాకంలో గుడి దారిలో కాపురం ఉండేవాళ్ళకు ఒక దృశ్యం బాగా అలవాటు. ముందు ఒక ఆడమనిషి కొంగు బిగించి నడుస్తుంటుంది. రెండడుగుల వెనక తల వంచుకుని ఆమె మొగుడు. ఒక్కోసారి ఆయన తల్లి కూడా ఉంటుంది. వరసిద్ధి వినాయకుడి ముందర ప్రమాణం చేయించడానికి పట్టుకొచ్చిందన్నమాట. మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి "ఇంక తాగను" అంటాడు. ఈ స్వామి ముందు అబద్ధమాడితే ఊరుకోడని మా చుట్టుపక్కల అందరికీ గట్టి నమ్మకం. బయటికొచ్చేటప్పుడు ఆయన ముఖం కాస్త తేటగా ఉంటుంది, పని అయిపోయినట్టు. ఆమెకు మాత్రం పని అప్పుడే మొదలు. కూలి డబ్బులు చేతికొచ్చే రోజు, సంత రోజు, బంధువులింట్లో పెళ్ళి... ఒక్కో గండం లెక్కపెట్టుకోవాలి.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, 2024 జూన్ 21న మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఇంకో ప్రమాణాల వరస చూశాం. వెలగపూడి అసెంబ్లీలో కొత్త సభ్యులు ఒక్కొక్కరే లేచి ప్రమాణం చేస్తున్నారు. మా అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగింది:

"ఎవురి ముందర చేస్తా ఉండారు పెమాణం?"

"ప్రొటెం స్పీకర్ ముందర అత్తా. బుచ్చయ్య చౌదరి గారని, పెద్దాయన."

"ఆయప్పేనా ఇంక అయిదేండ్లూ?"

"కాదు. ఈ ప్రమాణాలయ్యేదాకానే. రేపు అసలు స్పీకర్ని ఎన్నుకుంటారు."

"ఓహో, మూలవిరాట్టు వొచ్చేదాకా ఉచ్చవిగ్రహం" అనేసింది. రాజ్యాంగం చదివినవాళ్ళు ఒప్పుకోకపోవచ్చుగానీ నాకైతే చక్కగా అర్థమైంది.

అవును మరి, పాత సభ పోయింది, కొత్త సభకు ఇంకా పెద్ద లేడు. పెద్దను ఎన్నుకోవాలంటే సభ్యులు ప్రమాణం చేసి ఉండాలి. ప్రమాణం చేయించడానికి ఎవరో ఒకరుండాలి. అందుకని గవర్నర్ ఒక సీనియర్ సభ్యుణ్ణి తాత్కాలికంగా నియమిస్తారు. ప్రమాణం చేయకుండా సభలో కూర్చుని ఓటేస్తే రోజుకు 500 రూపాయలు జరిమానా అని రాజ్యాంగం 193వ అధికరణంలో ఉంది. 1950లో అది బరువైన మొత్తమే. ఇప్పుడు చిత్తూరునుంచి కొండకు పోయొచ్చే కారు బాడిగకు కూడా చాలదు.

"రాజకీయాలు మనకెందుకమ్మా, పొయ్యి మీద పాలు చూసుకోక" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ కొత్తగా కాపురం పెట్టిన ఇల్లు ఎలా నడుస్తుందో మొదటి నెలలోనే తెలిసిపోతుందని మనకు ఒకరు చెప్పాలా? బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటాయి, సరుకుల పద్దు ఎవరు రాస్తారు, ఎవరిముందు ఎవరు మాట్లాడకూడదు - అన్నీ అప్పుడే కుదురుకుంటాయి. తర్వాత మార్చాలంటే యుద్ధమే. శాసనసభా అంతే. ఎన్నికల హోరు చూసినంత శ్రద్ధగా ఆ మొదటి రోజుల్ని మనం చూడం. అదే మన పొరపాటు.

మర్నాడు, జూన్ 22న, నర్సీపట్నం సభ్యుడు చింతకాయల అయ్యన్నపాత్రుడు పోటీ లేకుండా స్పీకర్ అయ్యారు. కొత్త స్పీకర్ని అధికార పక్షం వాళ్ళు, ప్రతిపక్షం వాళ్ళు కలిసి తోడ్కొని వెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఇవతలి పక్షం మనిషైనా ఇకమీదట ఇద్దరికీ పెద్దే అని చెప్పడం అందులోని అర్థం. ఆ రోజు పదకొండు మంది ప్రతిపక్షం సభకు రాలేదు. నాకది నచ్చలేదు. ఆడబిడ్డ మీద కోపముంటే పెళ్ళికి పోకపోవచ్చు, పంచాయితీకి పోకపోతే నీ మాట ఎవరు చెబుతారు?

అలాగని తప్పంతా ఒకవైపే అనను. 175 మంది సభలో కూటమికి 164 మంది. ప్రతిపక్ష నేతగా గుర్తింపు కావాలని జగన్మోహన్ రెడ్డి స్పీకర్‌కు లేఖ రాశారు, తర్వాత హైకోర్టుకూ వెళ్ళారు. పదో వంతు, అంటే 18 మంది ఉండాలి కదా అన్నది ఇవతలి వాదన. 2014లో లోక్‌సభలో 44 మంది ఉన్న కాంగ్రెస్‌కు ఆ హోదా ఇవ్వలేదు. 2015లో ఢిల్లీ అసెంబ్లీలో 70 మందికి ముగ్గురే ఉన్న బీజేపీకి ఇచ్చారు. రెండూ మన దేశంలోనే జరిగాయి. నా మటుకు నాకు ఢిల్లీ పద్ధతే మేలనిపిస్తుంది. ఇంటినిండా వంద మంది మనవాళ్ళే ఉన్నప్పుడు, మూలనున్న ఒక్కరికి పీట వేస్తే మనకేం తక్కువవుతుంది? పీట వేయలేదని అలిగి వాకిట్లోనే నిలబడటమూ తప్పే. ఓటేసినవాళ్ళు సభలో మాట్లాడమని కదా పంపింది.

ఆ సభలోకి జూన్ 21న ముఖ్యమంత్రిగా అడుగుపెట్టిన చంద్రబాబు నాయుడుది మా జిల్లా నారావారిపల్లె, గెలిచింది కుప్పంలో. 2021 నవంబరు 19న తన భార్య గురించి సభలో అనరాని మాటలన్నారని, ముఖ్యమంత్రిగానే మళ్ళీ వస్తానని శపథం చేసి వెళ్ళిపోయిన మనిషి. అన్నారా, అనలేదా అన్నది రెండు పక్షాల వాదన, ఆ గొడవలోకి నేను పోను. మగవాళ్ళ పోట్లాటలో, ఆ సభలో కూర్చోని, జవాబు చెప్పే వీలులేని ఆడమనిషి పేరు ఎందుకొస్తుంది? ఆయన తిరిగొచ్చిన రోజు అందరూ శపథం నెరవేరిందన్నారు. మంచిదే. కానీ ఇకమీదట ఏ పార్టీవాడైనా సభలో ఎవరింటి ఆడవాళ్ళ ప్రస్తావనైనా తెస్తే ఏం చేయాలో మొదటి రోజే తీర్మానం చేసుకుని ఉంటే ఇంకా సంతోషించేదాన్ని.

అసలు ఆ సభలో మనవాళ్ళెందరు? ఇరవైకి పైగా మహిళలు గెలిచారు. ముగ్గురు మంత్రులయ్యారు, హోం శాఖ వంగలపూడి అనితకిచ్చారు. బాగానే ఉంది. మా ఉమ్మడి చిత్తూరు జిల్లా సంగతి చూడండి. కుప్పం నుంచి తిరుపతి దాకా, తంబళ్ళపల్లె నుంచి సత్యవేడు దాకా పద్నాలుగు నియోజకవర్గాలు. 2024లో పద్నాలుగూ మగవాళ్ళే గెలిచారు. ఒక్కరంటే ఒక్క ఆడమనిషి లేదు. 2009లో గల్లా అరుణకుమారి, కుతూహలమ్మ వంటివాళ్ళున్నారు. 2014లో నగరి నుంచి రోజా, చిత్తూరు నుంచి సత్యప్రభ. 2019కి రోజా ఒక్కరే మిగిలారు. ఇప్పుడు సున్నా. ముందుకు పోతున్నామా, వెనక్కు నడుస్తున్నామా?

సభాపతి కుర్చీ మా జిల్లాకు కొత్తేమీ కాదు. తిరుపతి అనంతశయనం అయ్యంగార్ లోక్‌సభ స్పీకర్‌గా చేశారు. అగరాల ఈశ్వరరెడ్డి, నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి అసెంబ్లీ స్పీకర్లయ్యారు. ఆడవాళ్ళలో ప్రతిభా భారతి 1999లో రాష్ట్రానికి తొలి మహిళా స్పీకర్. మా జిల్లా డాక్టర్ కుతూహలమ్మ 2007లో డిప్యూటీ స్పీకర్. 2024లో ఆ డిప్యూటీ స్పీకర్ కుర్చీ జూన్ నుంచి నవంబరు దాకా ఖాళీగానే ఉంది. అప్పుడు ఉండి సభ్యుడు రఘురామకృష్ణ రాజును ఎన్నుకున్నారు. అయిదు నెలలు ఆలోచించడానికి వ్యవధి ఉన్నప్పుడు, ఇరవై మంది ఆడవాళ్ళలో ఒక్కరూ గుర్తుకు రాలేదేమో! స్పీకర్ లేనప్పుడు సభ నడపడానికి ప్యానెల్‌లో కొందరిని పెడతారు. కనీసం అందులోనైనా సగం మందిని మహిళల్నే వేయాలని నా కోరిక. దానికి చట్టం మార్చక్కర్లేదు, స్పీకర్ మనసు పెడితే చాలు.

టీవీలో చూపించని అసలు పని కమిటీల్లో ఉంటుంది. వాటిలో పెద్దది ప్రజా పద్దుల కమిటీ. తొమ్మిది మంది ఎమ్మెల్యేలు, ముగ్గురు ఎమ్మెల్సీలు. సర్కారు పెట్టిన ఖర్చు మీద కాగ్ ఇచ్చే నివేదికల్ని ముందేసుకుని, ఈ డబ్బు ఎక్కడికి పోయిందయ్యా అని అధికారుల్ని అడిగే కమిటీ ఇది. అంగన్‌వాడీ గుడ్డు, బడిలో మధ్యాహ్న భోజనం, ప్రసూతి వార్డు మందులు - అన్నిటి లెక్కా చివరికి అక్కడికే చేరుతుంది. అందుకే దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. లోక్‌సభలో 1967 నుంచి అదే నడుస్తోంది. 2019 సభలో ప్రతిపక్షం తరఫున పయ్యావుల కేశవ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. 2024లో ఆయనే ఆర్థిక మంత్రి. 2024 నవంబరులో ఎన్నిక జరిగినప్పుడు ప్రతిపక్షం మా పుంగనూరు పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి చేత నామినేషన్ వేయించి, గెలిచే బలం లేక ఓటింగ్‌ను బహిష్కరించింది. కూటమిలోని జనసేన సభ్యుడు, భీమవరం పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. ఆయన మంచివారే కావచ్చు. కానీ వండినవాళ్ళ ఇంటిమనిషే రుచి చూసి బాగుందంటే, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకు నమ్మకం కుదరొద్దా?

మా ఊరి పక్కన పారే బాహుదా నదికి ఆ పేరెలా వచ్చిందో తెలుసు కదా. ఆకలికి ఆగలేక లిఖితుడు అడక్కుండా ఒక మామిడిపండు కోసుకున్నాడు. సొంత అన్నే రాజుకు చెప్పాడు. రాజు చేతులు నరికించాడు. ఈ ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయంటారు. శిక్ష మరీ ఘోరం, ఒప్పుకుంటా. కానీ లెక్క చెప్పింది సొంత అన్న అన్న ముక్క మాత్రం నాకు ఇష్టం.

2025 సెప్టెంబరు 14, 15 తేదీల్లో తిరుపతిలో దేశం నలుమూలల నుంచి చట్టసభల మహిళా సాధికారత కమిటీల సభ్యులు వచ్చి సదస్సు జరుపుకున్నారు. చీరలు, శాలువాలు, ఫొటోలు అన్నీ పేపర్లో చూశాం. ఆతిథ్యమిచ్చిన పాత జిల్లాలో ఒక్క మహిళా ఎమ్మెల్యే లేదని అక్కడ ఎవరైనా అన్నారో లేదో. మూడో వంతు రిజర్వేషన్ చట్టాన్ని 2023లో చేసినప్పుడు జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాసుకున్నారు. 175లో మూడో వంతంటే 58 దాటుతుంది. పార్టీలు టిక్కెట్లివ్వడానికి ఆ లెక్కలయ్యేదాకా ఎందుకు ఆగాలి?

ఇక మా సంగతి. చిత్తూరులో చదువుకునే మా వీధి ఆడపిల్లలకు సాయంత్రం క్లాసులు, ల్యాబులు ఉన్న రోజు తిరిగి రావడానికి సరైన వేళకు బస్సు ఉండటం లేదు. పన్నెండు కిలోమీటర్లు. షేర్ ఆటోల్లో ఇరుక్కుని, చీకటిపడ్డాక దిగుతారు. ఇద్దరు పిల్లల్ని అందుకే చదువు మాన్పించారు. ఒక అర్జీ రాసి సంబంధిత ఆఫీసులో ఇచ్చాం. అక్కణ్ణించి ఇంకో ఆఫీసుకు పంపారు. రెండేళ్ళు తిరిగి ఆ కాగితం ఎక్కడుందో కూడా తెలియలేదు. అసెంబ్లీలో పిటిషన్ల కమిటీ అని ఒకటుంటుందని, సభ్యుడి ద్వారా జనం అర్జీ సభ ముందుకు పోతుందని, మంత్రులు సభలో ఇచ్చిన మాటలు ఏమయ్యాయో అడగడానికి హామీల కమిటీ ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. ఆ కమిటీలు ఎప్పుడు వేశారో, ఎవరున్నారో వెతికి కనుక్కోవాల్సి వచ్చింది. సర్పంచి పేరు గోడ మీద రాసినట్టు ఈ పేర్లు కూడా ప్రతి మండలాఫీసు గోడ మీదా రాస్తే ఎంత ఖర్చవుతుంది?

పోయిన ఆదివారం మళ్ళీ కూర్చుని అర్జీ రాశాం. ఈసారి మా పూతలపట్టు ఎమ్మెల్యే చేతికివ్వాలని. కొబ్బరికాయల అంగడి అక్క మొదటి సంతకం పెట్టింది. కూతురు చదువు మానేసినావిడ రెండోది. మూడోది మా అత్తగారిది.

"తీసుకుంటాడంటావా ఆయప్ప?" అంది పెన్ను నా చేతికిస్తూ.

"సభలో ప్రమాణం చేశాడు కదత్తా."

"చేసినాడులే. చేపిచ్చినోళ్ళం మనం మర్చిపోకుంటే సరి" అని ఇంకో కాగితం తీసుకురమ్మంది. వీధిలో ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి.