డాక్టరుకిచ్చిన అనుమతి అందరికీ ఇచ్చినట్టు కాదు



మా నాన్నగారికి షుగర్. మోచేతికి పైన, వెనకవైపు రూపాయి బిళ్ళంత సెన్సర్ అంటించుకుంటారు. రెండు వారాలకోసారి మార్చాలి. కొన్ని నిమిషాలకోసారి అది తీసే రీడింగు బ్లూటూత్ ద్వారా ఫోనుకు, అక్కణ్ణుంచి కంపెనీ క్లౌడ్‌కు చేరుతుంది. తెల్లవారుజామున షుగర్ పడిపోతే డల్లాస్‌లో ఉన్న తమ్ముడి ఫోను మోగుతుంది. వాడు ఫోన్ చేసి నన్ను లేపుతాడు. ఇంత మేలు చేసే వస్తువును వద్దనడం లేదు.

నా అభ్యంతరమల్లా అనుమతి తీసుకునే తీరు మీదే. యాప్ తెరవగానే పేజీలకు పేజీలు ఇంగ్లీషు, అడుగున ఒకే బటన్. డాక్టరుకు చూపడానికీ, కంపెనీ దాచుకోవడానికీ, ఎవరో ‘భాగస్వాముల’కు ఇవ్వడానికీ కలిపి అదే. నొక్కకపోతే సెన్సర్ పనిచేయదు. షుగర్‌తో బాధపడే మనిషి నొక్కక ఏం చేస్తాడు? అడుగుల లెక్క చూసి ప్రీమియంలో రాయితీ ఇచ్చే బీమా పథకాలు ఇప్పటికే ఉన్నాయి. రేపు అదే లెక్క చూపించి, నడవలేనివాళ్ల దగ్గర ఎక్కువ గుంజరన్న భరోసా ఎవరిస్తారు?

2011 నాటి ఐటీ నిబంధనలు వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ తేడా లేదు. ఫోన్ నంబరునూ గుండె లయనూ ఒకే గాటన కట్టారు. ఇది ముమ్మాటికీ వెనకడుగే. చేతి వాచీల కంపెనీ ఫిట్‌బిట్‌ను గూగుల్ కొనేటప్పుడు మాత్రం, ఆ ఆరోగ్య డేటాను పదేళ్లపాటు ప్రకటనలకు వాడకూడదన్న షరతు మీదే ఐరోపా కమిషన్ 2020 డిసెంబరులో ఒప్పుకుంది. ఆ షరతు అక్కడివాళ్లకే.

మన దగ్గర మంచి పద్ధతి లేక కాదు. కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఏ రికార్డు, ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్లు అన్నది చెప్పి మరీ అనుమతి అడగాలి. ఇచ్చినదాన్ని మనం వెనక్కి తీసుకోవచ్చు. ఆసుపత్రి రిపోర్టుకున్న ఈ మర్యాద చేతి వాచీకి, సెన్సర్‌కు ఎందుకుండకూడదు? అనుమతి నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలుండాలని 2023 చట్టమే చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, ముఖ్యమైన బాధ్యతలకు కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు.

ఈలోగానే కేంద్రం ఆరోగ్య డేటాకు విడిగా నిబంధన చేయాలి. డాక్టరుకూ ఇంటివాళ్లకూ ఒక అనుమతి, మిగతా ప్రతి అవసరానికీ వేరే అనుమతి. రెండోది ఇవ్వకపోయినా పరికరం పనిచేయాలి. సెన్సర్ వాడటం మానేసినవాళ్లు పాత రీడింగులు చెరిపించుకునే బటన్ కూడా అదే తెర మీద, తెలుగులో ఉండాలి.

— ఒక పాఠకురాలు, విజయవాడ