గొడవ గీత బయట మొదలైతే కార్డు కూడా అక్కడే పడాలి

2023 జూన్ 21, బెంగళూరు. శాఫ్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌లో పాకిస్తాన్‌పై భారత్ 2-0తో ముందుంది. విరామానికి కాస్త ముందు పాకిస్తాన్ ఆటగాడు త్రో-ఇన్ కోసం బంతి ఎత్తగానే, భారత కోచ్ ఇగోర్ స్టిమాచ్ వెనక నుంచి వచ్చి దాన్ని చేతుల్లోంచి తోసేశాడు. రెండు బెంచీలూ కలబడ్డాయి. రిఫరీ స్టిమాచ్‌కు ఎర్రకార్డు చూపాడు. భారత కెప్టెన్ ఛెత్రి హ్యాట్రిక్‌తో భారత్ 4-0తో గెలిచింది. మర్నాడు కోచ్ తప్పు ఒప్పుకోకపోగా, అవసరమైతే మళ్లీ అదే చేస్తానన్నాడు.

అన్నంత పనీ అయింది. ఒక్క మ్యాచ్‌కు దూరంగా ఉండి వచ్చి, జూన్ 27న కువైట్‌తో ఆటలో రెండో ఎర్రకార్డు తెచ్చుకున్నాడు. అదే మ్యాచ్‌లో భారత ఆటగాడు రహీమ్ అలీ, కువైట్ ఆటగాడు అల్ ఖల్లాఫ్ కలబడి బయటికి పోయారు. ఈసారి కోచ్‌కు శిక్ష రెండు మ్యాచ్‌ల నిషేధం, 500 డాలర్ల జరిమానా.

రెండు మ్యాచ్‌ల్లోనూ రిఫరీలు తమ పని చేశారు. తడబడింది శిక్ష వేసే కమిటీలు. మళ్లీ చేస్తానని బహిరంగంగా చెప్పిన మనిషికి అంత స్వల్ప శిక్ష వేయడమంటే రిఫరీ చూపిన కార్డు విలువ తగ్గించడమే.

చట్టంలో లోటు లేదు. 2019 నుంచి కోచ్‌లకూ సిబ్బందికీ కూడా రిఫరీ పసుపు, ఎర్ర కార్డులు చూపవచ్చు. బెంచీలో తప్పు చేసిందెవరో తేలకపోతే అక్కడున్న పెద్ద కోచ్‌కే కార్డు పడుతుంది. ఇది మంచి నిబంధన. మనవాణ్ని దాచిపెట్టి తప్పించుకునే దారిని మూసేసింది.

మరి శిక్షలు ఎందుకు నిలవవు? 2012 డిసెంబర్ 9న కోల్‌కతా డెర్బీలో మోహన్ బగాన్ ఆటగాడు ఒడాఫా రిఫరీ మీదికి వెళ్లి ఎర్రకార్డు తిన్నాడు. ప్రేక్షకులు రాళ్లు రువ్వారు, అదే జట్టు ఆటగాడు రహీమ్ నబీ గాయపడ్డాడు. రెండో సగం ఆడబోమంటూ జట్టు వెళ్లిపోయింది. క్లబ్బుపై రెండేళ్ల నిషేధం విధించారు. కొద్ది వారాలకే అది 2 కోట్ల రూపాయల జరిమానాగా మారింది! పెద్ద క్లబ్బు కాకపోతే అంత కరుణ దొరికేదా? దీనికి భిన్నంగా, 2023 మార్చి 3న బెంగళూరుతో మ్యాచ్ మధ్యలో ఆటగాళ్లను బయటికి తీసుకెళ్లిన కేరళ బ్లాస్టర్స్‌పై 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్ వుకొమనోవిచ్‌పై 10 మ్యాచ్‌ల నిషేధం వేశారు. అప్పీలుకూ తలొగ్గలేదు. సరైన దారి అది.

ఒకప్పటి భారత ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ పుట్టిన గడ్డ మనది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు, తర్వాత ఫిఫా రిఫరీగా 1988 ఆసియా కప్‌లో విజిల్ పట్టాడు. విజిల్‌కు విలువనిచ్చిన ఆ వారసత్వం హైదరాబాద్ దగ్గరే ఆగిపోకూడదు. గోదావరి ఒడ్డున మహదేవపూర్ మండల మైదానాల దాకా రావాలి.

ఇక్కడ కబడ్డీ, వాలీబాల్‌కే జనం ఎక్కువ. ఆట ఏదైనా గొడవ తీరు ఒక్కటే. చాలా ఊళ్లలో పీఈటీ సారే రిఫరీ, ఒక్కోసారి ఆడే జట్టు కూడా ఆయన బడిదే. గీత పక్కనున్న పెద్దలు అరుస్తారు, మైదానంలోకి దూసుకొస్తారు. పిల్లవాణ్ని బయటికి పంపితే సాయంత్రానికి నలుగురు కూర్చుని, చేతులు కలిపించి, మర్నాడు మళ్లీ ఆడిస్తారు. దయతోనే చేస్తారు, నిజమే. కానీ దెబ్బ తిన్న పిల్లవాడి సంగతి ఆ రాజీలో ఎవరికీ గుర్తుండదు.

కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆడని బడి నుంచి ఒక ఉపాధ్యాయుణ్ని రెండు బెంచీల మధ్య నోటుపుస్తకంతో నిలబెట్టాలి. ఎవరు ముందు గీత దాటారో, ఏ నిమిషంలో దాటారో ఆయన రాయాలి. బయటికి పంపిన ఆటగాడు తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. ఉసిగొల్పిన పెద్దమనిషికి ఆ పోటీలు ముగిసేదాకా మైదానంలో ప్రవేశం ఉండకూడదు. ఆ కాగితాన్ని అదే సాయంత్రం మండల కార్యాలయం గోడకు అంటించాలి. మినహాయింపు కోరుతూ వచ్చే ఫోన్లకు అధికారులు జవాబుగా ఆ గోడనే చూపాలి.