అవార్డు పేపర్లలో మన లెక్కేదీ?

యూనివర్శిటీల్లో, బ్యాంకుల్లో, వాణిజ్య సంఘాల్లో ఉత్తమ పరిశోధనా పత్రాలకి అవార్డులిస్తారు. వ్యాపార ఆర్థికశాస్త్రం అంటారు. ధర ఎందుకు పెరిగింది, ఖర్చెలా తగ్గించాలి, ఏ కంపెనీ ఎలా లాభపడింది - అక్కడి ప్రశ్నలివీ. అంతర్జాతీయ వాణిజ్యం మీద పరిశోధనకి ఎగ్జిమ్ బ్యాంకు 1989లోనే ఒక అవార్డు పెట్టింది. ఇవ్వనీండి. చదువుకి గౌరవం దక్కితే మాకేం కడుపుమంట లేదు. మేమడిగేదొక్కటే. బహుమతికి తగిన ప్రశ్న ఏదో తేల్చేది ఎవరు?

మా అనకాపల్లి సంగతే చూడండి. బెల్లానికి దేశమంతా పేరున్న ఊరు. 1913లోనే ఇక్కడ చెరకు పరిశోధన మొదలైంది. చెరకు రకాలు కొలిచారు, తెగుళ్ళు కొలిచారు, రసంలో తీపి కొలిచారు. మంచిదే. మరి చెరకు నరికిందెవరు? గానుగ దగ్గర పెనం కింద మంట పెట్టిందెవరు? దిమ్మలు మోసిందెవరు? కొట్టులో కూచుని ధర పలికిందెవరు? ఈ నాలుగు చోట్లా మనుషుల కులం రాసుకుంటూ పోతే అదీ ఒక పరిశోధనే. దానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, అడిగే ధైర్యం చాలు.

మా బడిలో చదివి ఎమ్మే ఎకనామిక్స్ దాకా వెళ్ళిన మాలపేట కుర్రాడొకడు ఆ పనే చేద్దామనుకున్నాడు. మార్కెట్లో ఎవరికి అప్పు పుడతాది, ఏ షరతు మీద పుడతాది అని రాసి పోటీకి పంపుతానన్నాడు. "కులం సోషియాలజీ బాబూ, ఎకనామిక్స్ కాదు. ధరల హెచ్చుతగ్గుల మీద రాయి" అన్నారట పెద్దలు. వాడు ధరల మీదే రాశాడు. సర్టిఫికెట్టొచ్చింది. దాన్ని మాకు చూపించడానికొచ్చి, "మాస్టారూ, ఇందులో మా నాన్న లేడండి" అన్నాడు. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు దిమ్మలు మోసినవాడు. ఆ మాట మమ్మల్ని ఇంకా కోస్తూనే ఉంది.

కులం ఎకనామిక్స్ కాదా? 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ చేసిన పని చూడండి. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి సమానమైన చదువుతో, వేరువేరు పేర్లతో దరఖాస్తులు పంపారు. మొత్తం 4,808 దరఖాస్తులు. పెద్దకులం పేరుతో పోలిస్తే దళితుడి పేరుకి పిలుపొచ్చే అవకాశం మూడింట రెండొంతులే. ముస్లిం పేరుకి మూడోవంతే. చదువు ఒకటే, పేరే వేరు. 2012లో అజిత్, డోంకర్, సక్సేనా వెయ్యి పెద్ద కంపెనీల బోర్డుల్ని లెక్కగట్టారు. 9,052 మంది డైరెక్టర్లలో 93 శాతం దాకా అగ్రకులాల వాళ్ళే. ఎస్సీలు, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఈ రెండూ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయ్యాయి. ఇది వ్యాపారం లెక్క కాకపోతే మరేది?

కులాన్ని చూసిన పనికి బహుమతే రాలేదంటే అబద్ధమౌతుంది. 2016లో ఇన్ఫోసిస్ ప్రైజు కైవాన్ మున్షీకి వచ్చింది. ఉద్యోగాల్లో, అప్పుల్లో, వ్యాపారంలో కులబంధం ఎలా పనిచేస్తుందో ఆయన శ్రద్ధగా చూపించాడు. అక్కడ దాన్ని నెట్‌వర్క్ అంటారు. మా ఊళ్ళో దాన్ని "మనోడు" అంటారు. మనోడికి అప్పు పుడతాది, మనోడికి కొట్టు దొరుకుతాది. మరి మనోడు కానోడికి? లోపలున్నవాడికది చెయ్యి, బయటున్నవాడికి గోడ. గోడ అవతలి నుంచి రాసిన పేపర్లు కావాలిప్పుడు.

ఇందులో మా తప్పూ ఉంది. అంబేద్కర్ అనగానే రాజ్యాంగం అంటాం, విగ్రహానికి దండేస్తాం. ఆయన కొలంబియాలో, లండన్లో చదివింది ఆర్థికశాస్త్రం. 1918లో చిన్న కమతాల మీద పరిశోధనా పత్రం రాశారు. చెక్కలు కలిపేస్తే సరిపోదు, పెట్టుబడీ పనిముట్లూ కావాలి, భూమి మీద పడ్డ జనానికి పరిశ్రమలు రావాలి అని తేల్చారు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేశారు. ఆ వారసత్వం పెట్టుకుని మనం ఎకనామిక్స్‌ని ఎవరికో రాసిచ్చేశాం. మన పిల్లలు స్టాటిస్టిక్స్ అంటే భయపడుతుంటే చూస్తూ ఊరుకున్నాం.

కాబట్టి అవార్డులిచ్చే పెద్దలారా, పోటీ అంశాల్లో కులాన్ని చేర్చండి. పేపర్లు దిద్దే చోట మావాళ్ళనీ కూచోబెట్టండి. రుజువుల దగ్గర మినహాయింపు మేమడగం, ప్రశ్న దగ్గర అడ్డు మాత్రం ఒప్పుకోం.

మనవాళ్ళకీ ఒక మాట. నినాదంతో పాటు నోటుబుక్కూ పట్టుకుందాం. కొట్టెవరిది, మోతెవరిది, కూలెంత, అప్పెంత, వడ్డీ ఎంత - మన సంఘాల కుర్రాళ్ళు ఊరూరా రాయాలి. అంకెలు సరిచూడ్డానికి మా ఉపాధ్యాయులం కూచుంటాం. ఆ కుర్రాడు తిరిగి రాస్తానన్నాడు. ఈసారి మొదటి పేజీలో వాళ్ళ నాన్న పని ఉంటుంది. అవార్డొస్తే సరే. రాకపోయినా ఆ లెక్క మన చేతిలో ఉంటుంది.

జై భీమ్!