పాఠ్యపుస్తకంలో మనమెక్కడ?

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. మేమంటే 2013లో ఇదే హాస్టల్‌లో ఆరో తరగతిలో చేరి, 2018లో పది పాసై, ఇప్పుడు పీజీ దాకా వచ్చిన నలుగురం. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. రాస్తున్న చెయ్యి ఒకటే గానీ మాట నలుగురిది. చివరికి సోషల్ పీరియడ్ గురించే రాయాలనుకున్నాం.

మేము చదివిన ఏడో తరగతి సోషల్ పుస్తకంలో కులవివక్ష మీద ఒక పాఠం ఉండేది. ఆ పాఠం వచ్చిన రోజు సార్ పుస్తకం తెరిచి, "హాస్టల్ పిల్లలు లేవండ్రా, ఇది మీ గురించే, మీరే చదవండి" అన్నారు. 11 మందిమి లేచి నిలబడ్డాం. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. అప్పటిదాకా మాతో కబడ్డీ ఆడినవాళ్ళు కూడా కొత్తవాళ్ళను చూసినట్టు చూశారు. మాలో బాగా చదివేవాడే ఆ రోజు రెండు వాక్యాలు కూడా తిన్నగా చదవలేకపోయాడు. సార్ చెడ్డవారు కాదు. ఫీజు కట్టలేని ఇద్దరికి తన జేబులోంచి కట్టిన మనిషి. తొందరగా ముగిస్తే మాకే మంచిదనుకున్నారేమో, పావుగంటలో పాఠం అయిపోయింది. "పూర్వం ఇట్లుండేది, రాజ్యాంగం వచ్చినంక పోయింది, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం. ఆ దసరా సెలవులకు ఊరికి పోతే టీకొట్టు దగ్గర మాలో ఒకరి నాయన చేతిలో ప్లాస్టిక్ గ్లాసు, అరుగు మీద కూర్చున్న పటేలు చేతిలో గాజు గ్లాసు. నోట్సులో రాసుకున్నది తప్పా, కళ్ళతో చూసింది తప్పా అని బడిలో అడిగే ధైర్యం మాకు లేదు.

అదే పుస్తకంలో పోచమ్మ, మైసమ్మల వంటి గ్రామదేవతల గురించి ఇంకో పాఠం ఉండేది. సార్ పట్నంలో పెరిగినవారు. బోనం ఎట్లా చేస్తారో ఆయనకు అంతగా తెలియదు. "మీలో ఎవరికి తెలుసు?" అని అడిగారు. ముందుగా లేచిన చేతులు వెనక బెంచీలవే. కొత్తకుండకు పసుపు రాయడం, వేపమండలు కట్టడం, పైన దీపం పెట్టడం ఒకడు చెప్పాడు. కుమ్మరోళ్ళ పిల్లవాడు లేచి ఆ కుండ ఎట్లా తయారవుతుందో చెప్పాడు. చావుకొక దరువు, పెళ్ళికొక దరువు, బోనాలకొక దరువు ఉంటుందని చెప్పి మావాడొకడు బెంచీ మీద మూడూ వాయించి చూపించాడు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. పక్క క్లాసు సార్ వచ్చి ఏం లొల్లి అని అడిగితే, మా సార్ నవ్వుతూ "పాఠం నడుస్తోంది సార్" అన్నారు.

పుస్తకం అదే, సార్ అదే, మేమూ అదే. మొదటి పాఠంలో మేము జాలిపడవలసిన వస్తువులం. రెండో పాఠంలో తెలిసిన మనుషులం. ఈ తేడా ఎందుకొచ్చిందో మాకు చాలాకాలం అర్థం కాలేదు.

మాలో ఒకరు ఎం.ఏ. హిస్టరీ చదువుతూ లైబ్రరీలో అమెరికా విద్యార్థి ఉద్యమాల గురించి చదివారు. అక్కడ 'ఎథ్నిక్ స్టడీస్' అని ఒక సబ్జెక్టు ఉంది. నల్లజాతివారు, ఆదివాసులు, మెక్సికో మూలాలవారు, ఆసియా నుంచి వెళ్ళినవారు, ఈ నాలుగు సమూహాల చరిత్రనూ, సాహిత్యాన్నీ, పోరాటాలనూ వాళ్ళ వైపు నుంచి చదవడమే ఆ సబ్జెక్టు. దాన్ని ఏ ప్రభుత్వమూ దయతలచి ఇవ్వలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు 1968 నవంబరు 6న మొదలుపెట్టిన సమ్మె 1969 మార్చి దాకా సాగింది. లాఠీలు, అరెస్టులు అన్నీ అయ్యాక ఆ సబ్జెక్టుకు ప్రత్యేకంగా ఒక కళాశాలే ఏర్పడింది. ఆ సమ్మె చేసినవాళ్ళలో చాలామంది మావంటివాళ్ళే, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళు.

కాలేజీ నుంచి అది బడుల్లోకి దిగడం మరో పెద్ద కథ. అరిజోనా రాష్ట్రంలో మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో టూసాన్ అనే పట్టణం ఉంది. అక్కడి బడుల్లో మెక్సికో మూలాలున్న పిల్లలే ఎక్కువ. 1998లో వాళ్ళ చరిత్ర, సాహిత్యం చెప్పే తరగతులు మొదలుపెట్టారు. ఎవరైనా చేరవచ్చు. చేరిన పిల్లలు రాష్ట్ర పరీక్షల్లో మెరుగయ్యారనీ, బడి పూర్తిచేసేవాళ్ళు పెరిగారనీ అరిజోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలు తీసి చూపించారు. అయినా 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒక జాతి మీద, వర్గం మీద ద్వేషం పెంచే తరగతులు ఉండకూడదట, ఒక జాతివారిని ఏకం చేసే తరగతులు ఉండకూడదట. మానకపోతే నిధుల్లో కోత. 2012 జనవరిలో తరగతులు మూతపడ్డాయి. ఏడు పుస్తకాలను తరగతి గదుల్లోంచి తీసి అట్టపెట్టెల్లో కట్టి గోదాముకు పంపారు. వాటిలో ఒకటి మన బీఈడీ విద్యార్థులు పరీక్ష కోసం పేరు బట్టీపట్టే పాలో ఫ్రైరీ రాసిన 'పెడగాజీ ఆఫ్ ది అప్రెస్డ్'. పిల్లలూ, టీచర్లూ కోర్టుకెక్కారు. ఆ చట్టం వెనక జాతి విద్వేషం ఉందని 2017 ఆగస్టులో ఫెడరల్ జడ్జి తీర్పు చెప్పారు. గెలిచారు సరే, ఈలోపు బడి దాటిపోయిన పిల్లల సంగతి?

చట్టంలోని ఆ మాట మాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. "కులం గురించి బడిలో చెబితే కులం పెరుగుతుంది, పసిమనసుల్లో విషం నింపొద్దు" అని మన దగ్గర ఎంతమంది అనలేదు! మేము అడిగేది ఒక్కటే. పేరు అడిగాక ఇంటిపేరు, ఇంటిపేరు అడిగాక "ఏ వాడ?" అని అడిగేవాళ్ళకు కులం ఏ సోషల్ పుస్తకం నేర్పింది?

ఇంకో సంగతి. మన తెలుగువాళ్ళు వేలాదిగా స్థిరపడ్డ కాలిఫోర్నియాలో 2005-06లో ఆరో తరగతి చరిత్ర పుస్తకాల మీద పెద్ద వివాదం నడిచింది. 2016లో మళ్ళీ నడిచింది. కులం గురించి, దళితుల గురించి ఉన్న ప్రస్తావనలు మార్చాలని కొన్ని హిందూ సంస్థలు, ఉంచాలని దళిత సంఘాలు, చరిత్రకారులు. రెండువైపులా మన దేశం నుంచి వెళ్ళినవారే. "మా పిల్లల్ని క్లాసులో ఎగతాళి చేస్తున్నారు" అని కొందరు తల్లిదండ్రులు చెప్పుకున్నారు. దాన్ని మేము కొట్టిపారేయలేం. పాఠం వల్ల పదిమందిలో తలదించుకోవడం అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. కానీ దానికి మందు పాఠం తీసేయడం కాదు, చెప్పే తీరు మార్చడం. మా పాఠం కూడా తీసేస్తే మాకు సిగ్గు తప్పేదే, నిజమూ తప్పిపోయేది.

కాలిఫోర్నియా 2021లో హైస్కూళ్ళలో ఎథ్నిక్ స్టడీస్‌ను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2025-26 నుంచి అమలు కావాలి. డబ్బు కేటాయిస్తేనే అన్న షరతు అందులోనే ఉంది. 2025 బడ్జెట్‌లో డబ్బు ఇవ్వలేదు, ఆగిపోయింది. జీవో ఉంటుంది, బడ్జెట్ ఉండదు. మెస్ చార్జీల కోసం రోడ్డెక్కిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

మన దగ్గర అసలేమీ లేదని మేము అనం. మా ఎనిమిదో తరగతి పుస్తకంలో భాగ్యరెడ్డి వర్మ ఉన్నారు, కొన్ని వాక్యాల్లో. 1906లో జగన్ మిత్రమండలి పెట్టినవారు, 1917 బెజవాడ మహాసభలో 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అనిపించినవారు, హైదరాబాదులో మన పిల్లలకు బడులు పెట్టినవారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, సవర, లంబాడీ వంటి ఎనిమిది గిరిజన భాషల్లో ఒకటో తరగతి మొదలుపెట్టారు. మంచి పని. ఇంట్లో మాట్లాడే మాట బడిలో వినిపిస్తే పిల్లవాడు మొదటిరోజే మూగవాడు కాడు.

కానీ ఆ కొన్ని వాక్యాలు దాటితే? మెహతర్ కుటుంబంలో పుట్టి దేవాదాయ శాఖ మంత్రి అయిన టి.ఎన్. సదాలక్ష్మి పేరు మేము పీజీలో విన్నాం. ఈశ్వరీబాయి పేరూ అంతే. రాజమండ్రి కుసుమ ధర్మన్న, అదీ పీజీలోనే. చిందువాళ్ళు, డక్కలివాళ్ళు తరతరాలుగా చెప్పుకొస్తున్న జాంబపురాణం మా తాతలకు రాత్రంతా వినేంత తెలుసు, మాకు పేరు మాత్రమే తెలుసు. ఈ ఒక్క తరంలో ఇంత నష్టం జరిగిందంటే అందులో బడి పాత్ర కూడా ఉంది. పుస్తకంలో లేనిది విలువలేనిదని మాకు నేర్పింది బడే. మేమూ నమ్మాం. ఇంటికి పోయినప్పుడు తాత కథ మొదలుపెడితే "చదువుకోవాలె తాతా" అని లేచిపోయినవాళ్ళం మేమే. ఆ తాత ఇప్పుడు లేడు.

ఈ వ్యాసం రాస్తున్నామని చెబితే మాలో ఒకరి అమ్మ, "ఆ ముచ్చట్లు మనకెందుకు బిడ్డా, నౌకరొచ్చే సదువు సదువుండ్రి" అన్నది. ఆమె మాటలో తప్పులేదు. కూలిపైసలతో చదివించినామెకు నౌకరీ అడిగే హక్కుంది. అయితే శాన్‌ఫ్రాన్సిస్కో హైస్కూళ్ళలో మార్కులు తక్కువున్న తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎథ్నిక్ స్టడీస్‌లో చేర్చితే హాజరు 21 శాతం పాయింట్లు పెరిగిందని 2017లో ఒక అధ్యయనం చెప్పింది. ఆ లెక్కను ఒప్పుకోనివారూ ఉన్నారు, దాని మీదనే మొత్తం భారం వేయం. మాకు తెలిసిన లెక్క చిన్నది. మొదటి పాఠం అయిన మరుసటిరోజు మాలో నలుగురు కడుపునొప్పి అని బడికి పోలేదు. పోచమ్మ పాఠం మరుసటిరోజు 11 మందిమీ పోయాం.

అందుకే పాఠాలుండాలి అంటున్నాం, అదీ అందరి పిల్లలకూ. మనకు మాత్రమే చెప్పే పాఠమైతే అది మళ్ళీ వెలివాడే. గాజు గ్లాసు ఇంటి పిల్లవాడే ముందు చదవాలి. ఆ పాఠాల్లో దెబ్బలతోపాటు మన పని, మన పాట, మన బడులు, మన గెలుపు ఉండాలి. కారంచేడు 1985, చుండూరు 1991 చెప్పాలి, ఆ తర్వాత జనం ఎట్లా లేచి నిలబడ్డారో కూడా చెప్పాలి. ముఖ్యంగా సార్లకు శిక్షణ ఇవ్వాలి. పిల్లల్ని నిలబెట్టకుండా పాఠం ఎట్లా చెప్పాలో మా సార్‌కు ఎవరూ నేర్పలేదు.

ప్రభుత్వం చేసేదాకా ఊరకే కూర్చోవద్దని మేము అనుకున్నాం. వచ్చే నెల నుంచి ప్రతి రెండో ఆదివారం స్టడీ అవర్‌కు మాలో ఇద్దరం హాస్టల్‌కు వస్తాం. వార్డెన్ సార్ ఒప్పుకున్నారు. తమ్ముళ్ళూ, సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ఒక వంద పేజీల నోట్‌బుక్ పట్టుకుపోండి. మీ వాడలో బావి ఎవరు తవ్వారు, ఎప్పుడు తవ్వారు, ఊళ్ళో మొదట బడికి పోయినవాళ్ళెవరు, వాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టారు, దప్పు మీద ఎన్ని దరువులున్నాయి, వాటి పేర్లేమిటి, ఇవి అడిగి రాసుకురండి. ముసలివాళ్ళ మాట ఎట్లుంటే అట్లే రాయండి, సార్లకోసం దిద్దకండి. మొదటి ఆదివారం మేమే మా నోట్‌బుక్‌లు చదువుతాం. బెంచీ మీద దరువు వాయించినవాడు ఈసారి దప్పు తెస్తానన్నాడు.