లెక్కలోకి రాని కాళ్లు

మా అహోబిలానికి రైలు లేదు. రైలెక్కాలంటే ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల పోవాలి. అక్కడ గుంటూరు బండి పట్టుకుంటే నల్లమల సొరంగాలు, మార్కాపురం, నరసరావుపేట దాటి గుంటూరులో దిగుతాం. చదువుకనో, కోచింగ్ కనో, పెద్దాసుపత్రికనో ఆ ఊరు పోయినవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. అక్కడ ఎవర్ని దారి అడిగినా ముందు చెప్పే గుర్తు ఒకటుండేది. అదే శంకర్ విలాస్ బ్రిడ్జి.

పక్కనున్న హోటల్ పేరే ఆ వంతెనకు అంటుకుంది. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చితే, 1958లో కట్టిన ఈ వంతెన మళ్లీ కుట్టేసింది. ఒకపక్క బ్రాడీపేట, అరండల్‌పేట. ఇంకోపక్క హిందూ కాలేజీ, జీజీహెచ్. రెండు లేన్ల రోడ్డు, సైకిళ్లూ రిక్షాల కాలానికి అది ఎక్కువే. కార్లు, బస్సులు, ఆటోలు పెరిగేసరికి ఇరుకైపోయింది. సైరన్ వేసుకుంటూ అంబులెన్స్ వచ్చినా పక్కకు జరగడానికి చోటుండేది కాదు.

అందుకే 2025లో పాతదాన్ని మూసేసి పడగొట్టడం మొదలుపెట్టారు. దాని స్థానంలో దాదాపు 98 కోట్లతో నాలుగు లేన్ల కొత్త వంతెన. గుంటూరు ఎంపీ, కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ శంకుస్థాపన చేశారు. కొత్తది కావాలా వద్దా అని పెద్దగా గొడవేం లేదు. గొడవంతా వేరే. పైన వంతెనతో పాటు కింద అండర్‌పాస్ కూడా కట్టాలని, వేరే దారులు సిద్ధం చేశాకే పాతది కూల్చాలని ఊళ్లో చాలామంది అడిగారు. రోడ్డు వెడల్పు చేస్తే తమ షాపులేం కావాలని వ్యాపారులు అడిగారు.

నాకు ఆ అండర్‌పాస్ మాట దగ్గర మనసు ఆగిపోయింది. ఎందుకో చెప్తా.

గేటు తీసేసి వంతెన కట్టాలా అని తేల్చడానికి రైల్వే వాళ్లకు టీవీయూ అనే లెక్కొకటి ఉంది. రోజుకు పోయే రైళ్ల సంఖ్యను, గేటు దాటే బండ్ల సంఖ్యతో గుణించాలి. లక్ష దాటితే వంతెనకు అర్హత. రోజుకు 50 రైళ్లు, 2,000 బండ్లు అనుకోండి, సరిగ్గా లక్ష. సింపుల్ ఫార్ములా. కానీ ఇందులో నడిచేవాళ్లు లేరు. పదివేల మంది కాలినడకన దాటినా ఆ లెక్కలో వాళ్ల విలువ సున్నా.

శంకర్ విలాస్ దగ్గర తీసింది గేటును కాదు, పాత వంతెనను. అయినా మన ఆలోచన తీరు అదే. ఎన్ని లేన్లు, ఎన్ని బండ్లు అనే చూస్తాం.

ఇంకో చిన్న లెక్క చూడండి. కరెంటు రైలు తీగే పట్టాల నుంచి ఐదున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. దానిపైన ఖాళీ, ఆపైన గడ్డర్ల మందం కలిపితే రోడ్డు దాదాపు 8 మీటర్ల ఎత్తుకు పోతుంది. ముప్పై అడుగులు నడిస్తే ఒక అడుగు పైకెక్కే వాలు పెట్టినా, ఒకవైపే 240 మీటర్లు ఎక్కాలి. అవతల అంతే దిగాలి. బైక్ మీద పోయేవాడికి అది నిమిషం కూడా కాదు. చేతిలో ఎక్స్‌రే కవరు, చంకలో పిల్లాడితో పెద్దాసుపత్రికి పోయే తల్లికి మాత్రం అర కిలోమీటరు, అదీ ఎండలో. అదే మనిషి పట్టాల కింద నుంచి పోవాలంటే మూడు మీటర్ల ఎత్తు దారి చాలు.

అండర్‌పాస్‌తో తంటా లేదని కాదు. గట్టి వాన పడితే మూడు వంతెనల కింద నీళ్లు ఎలా నిలుస్తాయో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. కాలువ, మోటారు, చూసుకునే మనిషి, మూడూ కావాలి. ఖర్చే. కానీ ఆ ఖర్చు ఎగ్గొడితే జనం ఆగరు. పట్టాలు దాటేస్తారు, ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో పాత సర్వర్ ఆపేముందు ఒకటి తప్పకుండా చూస్తాం: దీన్ని ఇంకా ఎవరు వాడుతున్నారు? లాగ్‌లో కనిపించనివాళ్లే తెల్లారి ఫోన్ చేసి తిడతారు. వంతెన సంగతీ అంతే. కాకపోతే నడిచేవాళ్లకు ఫోన్ చేయడానికి హెల్ప్‌డెస్క్ లేదు.

అహోబిలంలో కొండెక్కలేని పెద్దవాళ్లకు డోలీ దొరుకుతుంది. వంతెన కాడ డోలీలుండవు కదా!

కాబట్టి ఒక పని చేయండి. మీ ఊళ్లో గేటో వంతెనో మారుస్తున్నారని తెలిస్తే, పొద్దున ఒక గంట అక్కడ నిలబడి నడిచేవాళ్లను లెక్కపెట్టండి. ఫోన్‌లో నోట్స్ చాలు. ఆ అంకెను సోమవారం కలెక్టరేట్‌లో అర్జీగా ఇవ్వండి. ఫార్ములాలో లేని కాళ్లను కాగితం మీదికి ఎక్కించాల్సింది మనమే.