పొక్కు సాక్ష్యం చెప్పదు

‘సుఖవ్యాధి’ అనే పేరులోనే ఉంది మోసం. సుఖం ఎవరిది? వ్యాధి ఎవరికి?

ఇబ్రహీంపట్నంలో ఒక ఇల్లాలు అనుకుందాం. భర్త పవర్ స్టేషన్‌లో కార్మికుడు కావచ్చు, బూడిద లారీ డ్రైవరు కావచ్చు, బడిపంతులూ కావచ్చు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆమెకు జననాంగం దగ్గర నీటిపొక్కులు లేచాయి. డాక్టరు హెర్పిస్ అన్నారు. భర్త ఒంటిమీద మచ్చ కూడా లేదు. పెద్దమనుషులకు ఇంకేం సాక్ష్యం కావాలి? ఆమెను పుట్టింటికి పంపేస్తారు.

ఈ సాక్ష్యం చెల్లదు. హెర్పిస్ వైరస్ ఒంట్లో చేరితే ఇక పోదు. చర్మం నుంచి నరం వెంట వెళ్ళి, నడుము దిగువన నాడీకణాల్లో దాక్కుంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే నిద్రపోతుంది. జ్వరమో, నీరసమో, నెలసరో, దిగులో దాన్ని మళ్ళీ లేపవచ్చు. సోకినవారిలో చాలామందికి పొక్కులు కనపడనే కనపడవు. అయినా వాళ్ళ నుంచి ఇంకొకరికి అంటుతుంది. కాబట్టి పొక్కు మొదట ఎవరికి లేచిందో చూసి, వైరస్ ఎవరు తెచ్చారో చెప్పలేం. రక్తపరీక్ష కూడా అది ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు.

ఆటలమ్మ వైరస్‌దీ ఈ కుటుంబమే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన తాతకు అరవయ్యో ఏట సర్పి లేస్తే, ‘ఎవరితో తిరిగావు?’ అని ఎవరూ అడగరు. వైరస్ నిద్రలేచింది, అంతే. మరి కోడలి విషయంలో మాత్రం ఆ నిద్ర ఎందుకు గుర్తుకురాదు?

ఈ వైరస్ ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకు అంటేదానికంటే, మగవాళ్ళ నుంచి ఆడవాళ్ళకే తేలిగ్గా అంటుతుంది. జబ్బూ ఆమెకే ఎక్కువ, నిందా ఆమెకే!

1955 నాటి హిందూ వివాహ చట్టం అంటుకునే సుఖవ్యాధిని విడాకులకు కారణంగా చూపుతుంది. కుష్ఠును 2019లో ఆ జాబితా నుంచి తీసేశారు. దీన్ని అలాగే ఉంచారు. కాగితం మీద చట్టం ఇద్దరికీ ఒకటే. కాని పొక్కు కనిపించేది, పరీక్షకు లాక్కెళ్ళేది ఎవరిని?

దీనికి వాడే ఎసైక్లోవిర్ వెనుక ఒక స్త్రీ కృషి ఉంది. ఆమె గెర్‌ట్రూడ్ ఎలియన్, 1988లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. ఆ మందు వైరస్‌ను తుడిచిపెట్టదు గాని, పొక్కుల్ని త్వరగా మాన్పుతుంది, తిరగబెట్టడాన్ని తగ్గిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల సురక్ష క్లినిక్‌లు ఉన్నది ఇలాంటి జబ్బులకే. గర్భిణులు మాత్రం ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కాన్పులో బిడ్డకు సోకితే ప్రాణాపాయం.

భార్యనే కాదు, భర్తనూ పరీక్షించాలి. ఆమె జబ్బు గుట్టు ఆమెదే, అత్తగారికి చెప్పే హక్కు డాక్టరుకు లేదు. పొక్కు చూసి శీలానికి తీర్పు చెప్పే పంచాయితీని మనం ఒప్పుకోకూడదు.