సోల, మానిక, కుంచము: కంప్యూటరు లెక్క

నేడు మన బాలికలు పైథాన్ మొదలగు కంప్యూటరు భాషలను నేర్చుచున్నారు. సంఖ్యను ఒక ఆధారమునుండి వేఱొక ఆధారమునకు మార్చు పాఠము వచ్చినంతనే "మాకిది తెలియదమ్మా" యని తల్లులనేకులు తప్పుకొనుచున్నారు. తల్లి తప్పుకొన్నచో ఈ విద్య ఆడవారిది కాదని బిడ్డ తలంచును. ఆ లెక్క మన ధాన్యపు కొట్టులోనిదేయని మేము మనవి చేయుచున్నాము.

పూర్వపు కొలతలను స్మరింపుడు. ప్రాంతభేదము లున్నను, నాలుగు గిద్దెలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము అనుట ప్రసిద్ధము. అనగా పదింటికి మాఱుగా నాలుగింటి కొక మెట్టు. ఆ నాలుగే ఆధారము. 27 సోలల బియ్యమును నాలుగుచే భాగింప 6 మానికలు, శేషము 3 సోలలు. ఆ 6ను మరల భాగింప 1 కుంచము, శేషము 2 మానికలు. కుంచ మొకటి, మానికలు రెండు, సోలలు మూడు. కావున నాలుగింటి ఆధారమున 27 అనునది 123.

పైథానునందు "ఇంట్" అను ప్రమేయమునకు 123 అను వ్రాతను, 4 అను ఆధారమును ఇచ్చిన 27 అని బదులిచ్చును. 2 మొదలు 36 వఱకు ఏ ఆధారమైనను దానికి సమ్మతమే. తిరుగుదారికి బిన్, ఆక్ట్, హెక్స్ అనునవి కలవు గాని, అవి వరుసగా 2, 8, 16 ఆధారములకే. నాలుగింటికి మన భాగహారమునే, భాగఫలము సున్న యగువఱకు జరుపుమని వ్రాయవలెను. శేషములను కడపటినుండి చదువవలెను. ఇంకొక సులువు గలదు: రెంటి ఆధారమున 27 అనునది 11011. కుడినుండి రెండేసి అంకెలు విడదీసిన 1, 10, 11. అవియే మన 1, 2, 3.

మన పెద్దలు భిన్నములను సైతము నాలుగింటితోనే, మెట్టుమెట్టుకు నిలువుగీతలు, అడ్డగీతలు మార్చుచు వ్రాసిరి. ఆ గుర్తులకు 2008లో యూనికోడునందు స్థానము లభించినది. కాలు, వీసము యంత్రమునకు చక్కగా నమరును. పదవవంతు మాత్రము రెంటి లెక్కలో ఎన్నటికిని తెగదు. అందుచేతనే పైథానునందు 0.1, 0.2 కూడిన సరిగా 0.3 కాదు. ఇంటి పద్దు వ్రాయు బాలిక రూపాయలను పైసలుగా మార్చి పూర్ణసంఖ్యలతో లెక్కించుట మేలు.

తెలుగుతోపాటు కన్నడము, మరాఠీ చెవినిబడు మా నారాయణఖేడున ఒకే గింజకు మూడు పేళ్లు వినవచ్చును, గింజ మాఱదు. ఆధారము మాఱినను రాశి మాఱదు. ఈ యొక్క మాట బిడ్డ మనసున నాటుకొన్నచో తక్కినది సాధనచే వచ్చును. నేటి రాత్రియే సోలయో, గ్లాసో చేతికిచ్చి బియ్యము కొలిపింపుడు.